కౌంటరుకు అవతలి వైపు: బ్యాంకు అప్రెంటిస్ శిక్షణకు మన ఆడపిల్లలను తయారుచేయడం

(స్త్రీల హక్కులపై పనిచేసే కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాట్లాడవలసిన విషయం చూసి మీలో కొందరికి ఆశ్చర్యం కలిగి ఉంటుంది. గృహహింస గురించీ, కనీస వేతనాల గురించీ, భూమి పట్టాల గురించీ మాట్లాడుకునే చోట బ్యాంకు అప్రెంటిస్ దరఖాస్తుల సంగతేమిటి అని. పోటీ పరీక్షల గొడవ కోచింగ్ సెంటర్లు చూసుకుంటాయి కదా, మనకెందుకు అని. ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్తాను.

మన ప్రాంతపు స్త్రీలకు బ్యాంకు కొత్త కాదు. స్వయం సహాయక బృందాలను బ్యాంకులతో కలిపే పని నాబార్డు 1992లో మొదలుపెట్టింది. నెల్లూరు జిల్లాలో స్త్రీలు సారా దుకాణాల ముందు నిలబడి, ఆ ఉద్యమం ఊరూరా పాకిన సంవత్సరమూ అదే. ఆ తరవాత పొదుపు సంఘం లేని ఊరు లేదన్నంతగా సంఘాలు వచ్చాయి. ఈ ముప్పై ఏళ్లలో మన స్త్రీలు ఎన్ని అప్పు పత్రాల మీద సంతకాలు పెట్టారో, ఎన్ని వాయిదాలు పైసా తేడా లేకుండా కట్టారో మీకు నేను చెప్పనక్కరలేదు. కానీ వాళ్లంతా కౌంటరుకు ఇవతలే నిలబడ్డారు. అప్పు ఎవరికి ఇవ్వాలో, ఏ కాగితం చాలదో, ఎవర్ని రేపు రమ్మనాలో నిర్ణయించే అవతలి వైపుకి వాళ్ల కూతుళ్లు వెళ్తున్నారా? డిగ్రీ చదివిన కూతుళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయితే దరఖాస్తు పెట్టేవాళ్లు తక్కువ. పెట్టినా పరీక్ష దాకా వెళ్లేవాళ్లు ఇంకా తక్కువ. ఈ మధ్యలో ఏం జరుగుతోందన్నదే మన విషయం. ఇది కేవలం చదువుకి సంబంధించిన విషయం కాదు, హక్కులకి సంబంధించిన విషయం.

అప్రెంటిస్ అంటే ఏమిటి?

అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. మొదట్లో ఐ.టి.ఐ. చదివిన ఫ్యాక్టరీ కుర్రాళ్ల కోసం అనుకునేవారు. తరవాతి సవరణలతో డిగ్రీ చదివినవాళ్లకీ, బ్యాంకుల వంటి సంస్థలకీ విస్తరించింది. 30 మందీ, అంతకు మించీ పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019 నిబంధనలు చెప్పాయి. అంటే ఇది బ్యాంకులు దయతలిచి ఇచ్చేది కాదు, వాటి మీద చట్టం పెట్టిన బాధ్యత.

స్టేట్ బ్యాంకు 2023లో ఒకే నోటిఫికేషన్‌లో 6,160 మంది అప్రెంటిస్‌లను పిలిచింది. ఏడాది శిక్షణ, నెలకి 15,000 రూపాయల స్టైపెండ్, ఏదైనా డిగ్రీ, 20 నుంచి 28 ఏళ్ల వయసు. ఇండియన్ బ్యాంకు, కెనరా బ్యాంకు, యూనియన్ బ్యాంకు కూడా ఇటీవలి సంవత్సరాల్లో అప్రెంటిస్‌లను తీసుకున్నాయి. యూనియన్ బ్యాంకు అంటే మనవాళ్లకి పరాయిదిగా అనిపించవచ్చు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కలిసిపోయింది అందులోనే. హైదరాబాదు స్టేట్ బ్యాంకు 2017లో స్టేట్ బ్యాంకులో కలిసింది. పేర్లు మారాయి, శాఖలు మన ఊళ్లలోనే ఉన్నాయి.

ఇవి కాక కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉంది. ఆ మొదటి విడతలో 21 నుంచి 24 ఏళ్ల వయసువాళ్లకి, పెద్ద కంపెనీల్లో పన్నెండు నెలలు, నెలకి 5,000 రూపాయలు అన్నారు. రిజర్వు బ్యాంకు వేసవి శిక్షణ కూడా ఉంది కానీ అది పి.జి., లా వంటి కోర్సుల విద్యార్థులకి. దేశమంతటికీ కలిపి సీట్లు వందల్లోనే. మన గ్రామాల పిల్లలకి ఎక్కువగా అందుబాటులో ఉన్నది ప్రభుత్వ రంగ బ్యాంకుల అప్రెంటిస్ శిక్షణే కనుక దాని గురించే వివరంగా చెప్తాను.

మొదటి గోడ: కాగితాలు

పరీక్ష కష్టమని అందరూ అంటారు. మన పిల్లలు పరీక్ష హాలు దాకా వెళ్తే కదా! ఎక్కువమంది కాగితాల దగ్గరే ఆగిపోతారు.

మొట్టమొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పెళ్లయితే మరో ఇంటిపేరు వచ్చి చేరుతుంది. బ్యాంకు ఖాతాలో ఇంకోలా. మగపిల్లవాడికి పుట్టినప్పటి ఇంటిపేరు చచ్చేదాకా ఒకటే. ఆడపిల్లకి మాత్రం మధ్యలో మారాలని సమాజం శాసిస్తుంది, ఆ మార్పుకి శిక్ష కంప్యూటరు వేస్తుంది. అందుకని పెళ్లి తరవాత పత్రాల్లో ఇంటిపేరు మార్చుకోవడం చట్టం ప్రకారం తప్పనిసరి కాదని మన పిల్లలకి ముందే చెప్పండి. ఇప్పటికే మారిపోతే పదో తరగతి మెమోని ఆధారంగా పెట్టుకుని మిగతావి సరిచేయించండి. నోటిఫికేషన్ వచ్చాక కాదు, ఆరు నెలల ముందే.

రెండోది కుల ధృవీకరణ పత్రం. మన దగ్గర బి.సి.లకి ఎ, బి, సి, డి, ఇ అని గ్రూపులున్నాయి. బ్యాంకులు అడిగేది అది కాదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయరుకు చెందరని రాసిన ఓ.బి.సి. పత్రం అడుగుతాయి. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల పత్రానికి కాలపరిమితి ఉంటుంది, పోయినేడాదిది చెల్లదు. తహసీల్దారు కార్యాలయానికి ఆడపిల్ల ఒంటరిగా పదిసార్లు తిరగలేక వదిలేసే పని ఇదే. మనం నలుగురిని కలిపి ఒకేసారి తీసుకెళ్లవచ్చు.

మూడోది, కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్‌లో పేరు నమోదు. చాలా బ్యాంకుల దరఖాస్తుకి ఆ నమోదు సంఖ్య కావాలి. దీనికీ, దరఖాస్తుకీ ఇచ్చే ఫోను నంబరు, ఈ-మెయిలు అమ్మాయి సొంతవి అయి ఉండాలి. అన్నయ్య ఫోనో, ఇంటర్నెట్ సెంటర్ వాడి మెయిలో ఇస్తే హాల్‌టికెట్ వచ్చిన సంగతి కూడా ఆమెకి తెలియదు. ఇది చిన్న విషయం కాదు. ఆమె పేరు మీద వచ్చే ఉత్తరం ఆమె చేతికే రావాలన్నది పాత కోరికే.

నాలుగోది, అప్పులు. రుణ ఎగవేత నమోదై ఉన్నవాళ్లకి అర్హత లేదని కొన్ని బ్యాంకుల నోటిఫికేషన్లు చెప్తున్నాయి. చదువుకున్న కూతురి ఆధార్ పెట్టి ఫోన్ యాప్‌లలో అప్పులు తీసుకునే ఇళ్లు మనకి తెలుసు. ఆ అప్పు ఆమె భవిష్యత్తుకి అడ్డం పడుతుందని తల్లిదండ్రులకి గట్టిగా చెప్పండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంతకుముందే అప్రెంటిస్ శిక్షణ పొందినవాళ్లకీ, డిగ్రీ తరవాత ఏడాది, అంతకు మించి ఉద్యోగానుభవం ఉన్నవాళ్లకీ స్టేట్ బ్యాంకు 2023లో అవకాశం ఇవ్వలేదు. అంటే ఇది సాధారణంగా ఒక్కసారే దొరికే అవకాశం. ఎక్కడో ఒకచోట చేరిపొమ్మని తొందరపెట్టకండి. ఏ బ్యాంకు, ఏ జిల్లా, ఎంత స్టైపెండ్, ఇంటికి ఎంత దూరం, ఇవి చూసుకుని ఆమే నిర్ణయించుకోవాలి.

రెండో గోడ: సమయం

2023 నాటి స్టేట్ బ్యాంకు పరీక్షలో గంటకి 100 ప్రశ్నలు. ఆర్థిక విషయాల అవగాహన, ఇంగ్లీషు, లెక్కలు, రీజనింగ్‌తో కలిపి కంప్యూటరు, ఒక్కోటి 25 ప్రశ్నలు. తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. ఇంగ్లీషు తప్ప మిగతా భాగాలు తెలుగులోనూ రాయవచ్చు. తెలుగు మీడియంలో చదివాం కదా, బ్యాంకు పరీక్ష మనకెందుకనుకునే పిల్లలకి ముందు ఈ మాట చెప్పండి. పైగా స్థానిక భాష చదవడం, రాయడం, మాట్లాడడం రావాలన్నది నియమం. పదిలోనో ఇంటర్‌లోనో తెలుగు చదివిన అమ్మాయికి అదనపు భాషా పరీక్ష కూడా ఉండదు. సిగ్గుపడమని మనకి నేర్పిన తెలుగే ఇక్కడ అర్హత.

అన్ని బ్యాంకుల పద్ధతీ ఒకటి కాదు. కెనరా బ్యాంకు 2024లో ఇంటర్, డిప్లమా మార్కుల ఆధారంగా ఎంపిక చేసింది. అంటే ఇంటర్ పరీక్షల ముందు పెళ్లిచూపులు పెట్టిన ఇల్లు, నాలుగేళ్ల తరవాతి ఉద్యోగావకాశాన్ని కూడా దెబ్బతీస్తున్నట్టే.

ఇక చదువు. రోజుకి రెండు గంటల చొప్పున నాలుగు నెలలు శ్రద్ధగా చదివితే ఈ పరీక్షకి మంచి పునాది పడుతుంది. కానీ ఆ రెండు గంటలు ఏవి? మగపిల్లవాడు పరీక్షకి చదువుతున్నాడంటే ఇల్లంతా గుసగుసగా మాట్లాడుకుంటుంది. ఆడపిల్ల చదువుతుంటే 'ఆ పుస్తకం పక్కన పెట్టి కాస్త పొయ్యి సంగతి చూడు' అంటుంది. కనుక మనం చేయవలసిన మొదటి పని పుస్తకాలు పంచడం కాదు, ఆమె రెండు గంటల కోసం తల్లిదండ్రులతో మాట్లాడడం. సంఘం సమావేశ గది సాయంత్రం ఖాళీగానే ఉంటుంది. నలుగురైదుగురు పిల్లలు అక్కడ కూర్చుని చదివితే ఇంటి పని పిలుపు అక్కడిదాకా రాదు.

లెక్కలంటే భయపడే పిల్లలకి వడ్డీ లెక్క అమ్మ దగ్గరే ఉందని చూపించండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి రెండు శాతం, ఏడాదికి 24 శాతం అని సంఘం లీడరుకి నోటికి వచ్చు. 10,000 రూపాయలకి బారువడ్డీ అయితే ఏడాదికి 2,400. నెలనెలా వడ్డీని అసలులో కలిపితే దాదాపు 2,682. ఆ 282 రూపాయల తేడాయే చక్రవడ్డీ పాఠం. శాతాలు, సగటు, నిష్పత్తి, లాభనష్టాలు అన్నీ మన సంఘాల పుస్తకాల్లోంచే నేర్పవచ్చు. రిజర్వు బ్యాంకు ఏం చేస్తుంది, రెపో రేటు అంటే ఏమిటి, డిపాజిట్‌కి 5 లక్షల దాకా బీమా ఎవరిస్తారు, జన్‌ధన్ ఖాతా ఏమిటి, ఇలాంటివి పేపరు చదివి వారానికోసారి చర్చిస్తే చాలు. వేల రూపాయల కోచింగ్ లేనిదే రాదన్నది వ్యాపారుల మాట. తెలియని ప్రశ్నని వదిలేయడం మాత్రం అభ్యాసం చేయించండి. నాలుగు తప్పు జవాబులకి ఒక మార్కు పోతుంది.

డబ్బు కడితే అప్రెంటిస్ సీటు ఇప్పిస్తామనేవాళ్లు తప్పకుండా వస్తారు. నోటిఫికేషన్‌లో చెప్పిన దరఖాస్తు రుసుము తప్ప ఎవరికీ ఏమీ కట్టనక్కరలేదు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకి స్టేట్ బ్యాంకు 2023లో ఆ రుసుమూ తీసుకోలేదు.

అడగకూడని ప్రశ్నలు

ఎంపిక సమయంలోనూ, వైద్య పరీక్షలోనూ ఆడవాళ్లని మాత్రమే అడిగే ప్రశ్నలుంటాయి. దీని మీద ఒక ముఖ్యమైన తీర్పు ఉంది. జీవిత బీమా సంస్థలో ఉద్యోగానికి ఎంపికైన నీరా మాథుర్‌తో చేరేటప్పుడు ఒక ప్రకటన నింపించారు. అందులో నెలసరి తేదీలు, గర్భాల వివరాలు అడిగారు. ఆమె ప్రొబేషన్‌లో ఉండగా ప్రసూతి సెలవు తీసుకుంది. ఆ ప్రకటనలో తప్పు రాసిందంటూ ఉద్యోగం తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి తీసుకోమంది. ఆ ప్రశ్నలు స్త్రీ గౌరవానికి, ఏకాంతానికి భంగమనీ, వాటిని ఫారంలోంచి తొలగించాలనీ చెప్పింది.

ముప్పై ఏళ్ల తరవాత, 2021 డిసెంబరు చివర్లో, మూడు నెలలు దాటిన గర్భిణులు తాత్కాలికంగా ఉద్యోగంలో చేరడానికి తగరని స్టేట్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. మహిళా సంఘాలూ, ఢిల్లీ మహిళా కమిషనూ నిలదీస్తే 2022 జనవరి చివర్లో దాన్ని పక్కన పెట్టింది. గెలిచిన హక్కు కూడా ఒక్క సర్క్యులర్‌తో జారిపోవచ్చనీ, నిలదీస్తే తిరిగి వస్తుందనీ రెండూ ఇందులో ఉన్నాయి.

కనుక 'పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు' అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో పిల్లలతో ముందే అభ్యాసం చేయించండి. 'శిక్షణ పూర్తి చేయడానికి సిద్ధంగా ఉన్నానండి' అన్న ఒక్క వాక్యం చాలు. తల దించుకోనక్కరలేదు, సంజాయిషీ ఇవ్వనక్కరలేదు.

చేరిన తరవాత

చేరడంతో మన పని అయిపోదు. ఒక బ్యాంకు శాఖలో అప్రెంటిస్‌గా చేరిన అమ్మాయి సంగతి మా దగ్గరికి వచ్చింది. నాలుగు నెలలైనా ఆమెకి రుణాల విభాగంలో ఒక్క కాగితం చూపించలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఖాతాదారులకి బీమా పాలసీలు అంటగట్టడమే పని. నెలకి ఇన్ని అని లక్ష్యం. లక్ష్యం దాటని వారం సర్టిఫికెట్ ఆపేస్తామని బెదిరింపు.

చట్టం ఏం చెప్తోందో వినండి. అప్రెంటిస్‌కి చేసిన ముక్కకి ఇంత అన్న లెక్కన డబ్బు ఇవ్వకూడదు. ఉత్పత్తి బోనస్‌లోనో, ఇతర ప్రోత్సాహక పథకాల్లోనో పాల్గొనమని ఆమెను అడగకూడదు. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. యజమాని శిక్షణ ఇచ్చి తీరాలి. ఒప్పందం విషయంలో తగాదా వస్తే ఆ సలహాదారుకి రాయవచ్చు. డిగ్రీ అప్రెంటిస్‌ల వ్యవహారాలు మన రెండు రాష్ట్రాలకీ చూసేది చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు. చేరిన రోజే ఒప్పంద పత్రం నకలు తీసుకోవడం, ఏ రోజు ఏ పని నేర్పారో ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోవడం ప్రతి అమ్మాయికీ అలవాటు చేయండి. పై అమ్మాయి విషయంలో మేనేజరుకి రాసిన ఉత్తరంతో పాటు ఆ నోటుపుస్తకం నకలు జతచేశాం. పదిహేను రోజుల్లో ఆమెను రుణాల విభాగానికి మార్చారు.

లైంగిక వేధింపుల విషయం ఇంకా స్పష్టంగా ఉంది. 1997లో విశాఖ తీర్పు, దాని వెనక రాజస్థాన్‌కి చెందిన భఁవరీదేవి పోరాటం, ఆ తరవాత 2013 చట్టం. ఈ చట్టంలో ఉద్యోగి అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలో ట్రెయినీ, అప్రెంటిస్ అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. 'నువ్వు మా ఉద్యోగివి కావు' అని ఏ మేనేజరూ తప్పించుకోలేడు. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే ఇంకో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు. శాఖలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే ఆ కమిటీలో ఎవరున్నారో తెలుసుకోవాలి.

'చవక శ్రమకి మనమే మనుషుల్ని సరఫరా చేస్తున్నామా?'

ఈ ప్రశ్న మన సమావేశాల్లో చాలాసార్లు వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. చట్టం అప్రెంటిస్‌ను కార్మికురాలు అనదు, శిక్షణ పొందుతున్న వ్యక్తి అంటుంది. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం లేదు. 2014 సవరణ కూడా, శిక్షణ పూర్తిచేసినవాళ్లని ఉద్యోగంలోకి తీసుకోవడం మీద ప్రతి యజమానీ తన విధానం తానే రూపొందించుకోవాలని మాత్రమే అంది. గుమాస్తా చేయవలసిన పని అప్రెంటిస్ చేత చేయించుకుంటే బ్యాంకుకి లాభమే. ఖాళీలు నింపి తగినంత శాశ్వత సిబ్బందిని తీసుకోండని బ్యాంకు ఉద్యోగుల సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి. ఆ కోరికని మనం సమర్థించాలి. మన పిల్లలకి ఆ సంఘాలతో పరిచయం కల్పించాలి.

అయితే శాశ్వత ఉద్యోగాల కోసం పోరాడుతున్నాం కనుక ఈ తలుపు దగ్గరికి పోవద్దని మన పిల్లలకి చెప్దామా? మనం వదిలిన సీటు ఖాళీగా ఉండదు. పట్నంలో కోచింగ్ తీసుకున్న అబ్బాయికి పోతుంది. ఏడాది శిక్షణతో అమ్మాయి చేతికి ఒక సర్టిఫికెట్ వస్తుంది, నెలనెలా తన ఖాతాలో తన డబ్బు పడుతుంది, గుమాస్తా పరీక్షకి ధైర్యం వస్తుంది, పెళ్లి మాట ఒక ఏడాది వెనక్కి పోతుంది. ఇవి ఉద్యోగంతో సమానం కావు, నిజమే. కానీ లేనివాళ్లకి ఇవి తక్కువా కావు. అప్రెంటిస్ శిక్షణని ఉద్యోగమని చెప్పి పంపితే మోసం చేసినట్టు. శిక్షణ అని చెప్పి, చట్టం కూడా చేతికిచ్చి పంపితే తయారుచేసినట్టు. మనం చేయవలసింది రెండోది.

మనం తీసుకెళ్లవలసిన పనులు

ఈ తరగతుల నుంచి వెళ్లేటప్పుడు నాలుగు పనులు తీసుకెళ్దాం. ఒకటి, మీరు పనిచేసే ఊళ్లలో 20 నుంచి 28 ఏళ్ల మధ్య ఉన్న, డిగ్రీ పూర్తయిన అమ్మాయిల జాబితా రాయండి. పెళ్లయినవాళ్లని వదిలేయకండి, నోటిఫికేషన్‌లో పెళ్లికాని వాళ్లే అని ఎక్కడా ఉండదు. రెండు, వాళ్ల కాగితాలన్నిటిలో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో వచ్చే నెలలోగా చూడండి. మూడు, సంఘం గదిలో సాయంత్రం రెండు గంటల చదువు మొదలుపెట్టండి. రిటైరైన బ్యాంకు ఉద్యోగినులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు, వారానికి ఒక రోజు వచ్చి చెప్పమని అడగండి. నాలుగు, పరీక్ష రోజు ప్రయాణం. కేంద్రం దూరంలో పడితే ఒక్క అమ్మాయిని పంపని ఇల్లు నలుగురైతే పంపుతుంది. తోడు ఎవరు వెళ్తారో, రాత్రి ఎక్కడ ఉంటారో ముందే నిర్ణయించండి.

ఊళ్లో ఏ తల్లి దగ్గరికైనా వెళ్లి ఈ విషయం చెప్పి చూడండి. వాయిదా కట్టడానికి వెళ్లి గంటల తరబడి వరసలో నిలబడ్డ ఆమెకి కౌంటరు ఎంత ఎత్తుగా ఉంటుందో బాగా తెలుసు. కూతురు దరఖాస్తు పెట్టుకోవడానికి కావలసిన సాయం చేయమని మనల్ని అడిగే మొదటి మనిషి ఆమే అవుతుంది. ఆమె అడిగినప్పుడు మన దగ్గర జవాబు ఉండాలి.